చుక్క కారని పడవ

పెనం మీద అట్టు అంచులు ఎర్రబడ్డాయి. తిప్పుదామని నాగజ్యోతి గోడవైపు చెయ్యి చాపింది. మేకు ఉంది, మేకుకు ఉండాల్సిన అట్లకాడ లేదు. పొయ్యి తగ్గించి, కొంగు బిగించి వీధిలోకి వచ్చేసరికి, ఇంటిముందు చక్రాల బండి మీదున్న పడవ వెనకభాగం కింద ఆమె భర్త హరిబాబు కాళ్లు మాత్రం కనిపించాయి. పైనుంచి గరగరమని గీకుతున్న చప్పుడు వస్తోంది.

"మీ చేతిలో ఏందది?"

"పాత జిగురు రవ్వంత మిగిలింది జ్యోతీ. దీని అంచు బలే పల్చగుంది. గీకితే ఊడొస్తాంది."

"పల్చగుండేది అట్టు తిప్పనీకి. జిగురంటిన దాన్ని మళ్ల పెనం మీద పెట్టాల్నా నేను?"

"కడిగిస్తాలే."

"ఆ, నిదానంగా కడగండి. ఈలోపల అట్టు తనకు తానే తిరుక్కుంటది."

అరుగు మీద పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్న మామగారు కాటమరాజు సంధి చేయబోయాడు. "ఒక పక్క కాలినా అట్టు అట్టేలేమ్మా. నాకు పెట్టు." కొడుకూ కోడలూ ఇద్దరూ ఒకేసారి ఆయనవైపు చూశారు. ఆయన పళ్లెంవైపు చూసుకున్నాడు.

గిద్దలూరులో రాచర్ల రోడ్డు మీద హరిబాబుకు మోటార్లు వైండింగు చేసే దుకాణం ఉంది. బోర్లలో నీళ్లున్నన్నాళ్లు మోటార్లు కాలిపోయేవి, దుకాణం నడిచేది. బోర్లే ఎండిపోయాక, కాలడానికైనా లోపలికి మోటారు దింపే రైతు లేకుండా పోయాడు. భూమి లోపలి నీళ్లను నమ్ముకుని చెడ్డాం, ఇక పైనున్న నీళ్లను నమ్ముకుందామని హరిబాబు ఆలోచించాడు. ఆదివారాలు కంభం చెరువు చూడ్డానికి వచ్చేవాళ్లను తిప్పవచ్చని, సాగర్ వైపు ఎవరో అమ్ముతున్న పాత మోటారు పడవను కొనుక్కొచ్చాడు.

పడవకు జబ్బు వెనకభాగంలో ఉంది. ఇంజను లోపల ఉంటుంది, నీళ్లను తోసే పంకా బయట ఉంటుంది. రెంటినీ కలపడానికి వెనక చెక్కకు పెద్ద రంధ్రం కోసి, అందులో లోహపు చట్రం బిగించి, నీళ్లు దూరకుండా చుట్టూ రబ్బరు పట్టీ, హార్మోనియం తిత్తిలా ముడతలు పడ్డ రబ్బరు గొట్టం పెట్టారు. ఆ రబ్బరంతా ముసలిదైపోయింది. మొదటిసారి చెరువులో పరీక్షకు దింపినప్పుడు, పర్మిషన్ ఇవ్వాల్సిన ఆఫీసరు అశోక్ ఎక్కి కూర్చున్న కాసేపటికే చీలమండల దాకా నీళ్లొచ్చాయి. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డు చేరి, "నెలలోపల బాగుచేసి చూపించండి. ఈసారి లోపలికి నీళ్లొస్తే నేను మళ్లీ రాను" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ గడువు ఈ రోజుతో సరి. సాయంత్రం చెరువు దగ్గర పరీక్ష. పర్మిషన్ రాకపోతే ఒకటో తారీకుకల్లా హైదరాబాదు వచ్చి, పినతల్లి కొడుకు చూపించిన అపార్ట్‌మెంట్లలో మోటార్లు చూసే పనిలో చేరతానని హరిబాబు మాటిచ్చేశాడు. నాగజ్యోతి ఆ అపార్ట్‌మెంట్లను ఒకసారి చూసింది. అక్కడ వంటింటి కిటికీ తెరిస్తే ఇంకొకరి వంటింటి కిటికీ ఎదురైంది. ఆ ఇంటావిడ ఈమె ముఖం చూసి తలుపు వేసేసుకుంది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఈ వీధితో మాట్లాడకుండా ఒక్కపూట గడపని నాగజ్యోతికి ఆ మూసిన కిటికీ ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే, అట్లకాడ పోతే పోయింది, పడవ బాగుపడితే చాలునని లోలోపల ఆమె కూడా మొక్కుకుంటోంది.

మాడిన అట్టు మామగారు తినేలోపల కరుణాకరం వచ్చాడు. అతను లారీల మెకానిక్కు, హరిబాబుకు చిన్ననాటి జోడు, వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. రెండు రోజుల కిందటే ఇద్దరూ కలిసి కొత్త పట్టీ కూర్చి, కొత్త గొట్టం బిగించి, చుట్టూ తెల్లటి పేస్టు దట్టించారు. ఇక మిగిలింది అరుగు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చున్న ఇంజనును ఎత్తి లోపల పెట్టడమే. మధ్యాహ్నానికి ట్రాక్టరు వస్తుంది.

"బావా, ఇంజను పెట్టినాక కారిందనుకో, మళ్ల మొత్తం ఊడబీకాల. పెట్టకముందే చూసుకుంటే మేలు," అన్నాడు కరుణాకరం.

"చెరువు యాడుంది, మనం యాడున్నాం. ఎట్ల చూస్తాం?"

కాటమరాజు చెయ్యి కడుక్కుంటూ నవ్వాడు. "ఎట్ల చూసేదేంది నాయనా? తొట్టి కట్టినాక ఏం చేస్తాం? నీళ్లు పోస్తాం. బయట తడిస్తే కారినట్టు, తడవకపోతే లేనట్టు."

మెకానిక్కులిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఇంత చిన్న సంగతి తమకు తట్టనందుకు సిగ్గుపడ్డారు. ఆ గడ్డ మీద పుట్టినవాళ్లకు కారడమంటే ఒకటే: ఎక్కడినుంచో మోసి తెచ్చుకున్న నీళ్లు లోపలినుంచి బయటికి పోవడం. పిలవకుండా నీళ్లు బయటినుంచి లోపలికి రావడమనేది వాళ్లకు అనుభవంలో లేని విషయం. నాగజ్యోతికి మాత్రం ఎక్కడో చిన్న అనుమానం తగిలింది.

"అది కాదు మామా, పడవకు నీళ్లు బయటుంటాయి గదా. లోపలికి రాకూడదనేది గదా మన బాధ?"

"బొక్క బొక్కేనమ్మా. అట్నుంచి దూరితే ఏంది, ఇట్నుంచి దూరితే ఏంది?"

ఆమె చదివిన బీయెస్సీలో దీనికి జవాబు ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ క్షణాన మాత్రం గుర్తు రాలేదు.

బిందెడు పోశారు. పడవ అడుగున అద్దంలా పరుచుకుంది తప్ప రంధ్రం దరిదాపులకు రాలేదు. ఇంకో బిందె పోశారు. నాగజ్యోతి మూడో బిందెకు అడ్డం నిలబడింది. "తాగే నీళ్లవి. ఇంక మళ్ల కొళాయి ఎన్నడొస్తదో ఏమో." దాంతో హరిబాబు ట్యాంకరుకు ఫోన్ చేశాడు. ట్యాంకరు డ్రైవరు పడవలోకి పైపు వదిలి, "ఎంతదాకా పోయాల?" అని అడిగాడు. "బొక్క మునిగేదాకా" అన్నాడు కరుణాకరం. డ్రైవరు తలూపి టీ తాగడానికి వెళ్లాడు. హరిబాబు, కరుణాకరం, కాటమరాజు ముగ్గురూ పడవ వెనక కింద వెల్లకిలా పడుకుని, చుక్క కోసం ఆకాశంలో చుక్కను చూసినట్టు చూడసాగారు. పైన ఎంత నిండిందో చూసేవాడు లేకపోయాడు. డ్రైవరు తిరిగివచ్చేసరికి ట్యాంకరు ఖాళీ, పడవ అంచుల దాకా నిండుగా ఉంది.

కింద మాత్రం పొడిగా ఉంది. కాటమరాజు అరచేత్తో చెక్కంతా తడిమి, ఆ చెయ్యి చెంపకు ఆనించుకుని మరీ చూశాడు. "ఒక్క చుక్క లేదురా! కాల్చిన కుండ గూడ ఇంత గట్టిగుండదు!" కరుణాకరం, హరిబాబు పడుకున్నచోటే చేతులు కలుపుకున్నారు. నాగజ్యోతికి కిటికీ బెంగ కాస్త తగ్గింది.

"సరే, ఇంక నీళ్లు వదలండి. ఇంజను పెట్టుకోవాల గదా," అంది.

పడవ అడుగున నీళ్లు వదిలే చిన్న బిరడా ఉంటుంది. హరిబాబు దాన్ని తిప్పాడు. కదల్లేదు. కరుణాకరం గొంతు సవరించుకున్నాడు. "బావా, బొక్కని కనబడినదానికల్లా పేస్టు పెట్టినా నేను. దానికి గూడ."

"గట్టిగా పెట్టినావా?"

"ఊరికే పెడతానా?"

ఇక తోడటం తప్ప దారి లేదు. ముగ్గురు మగవాళ్లు బకెట్లతో తోడి కాలువలో పోస్తుంటే నాగజ్యోతి ప్రాణం ఉసూరుమంది. నీళ్లు పారబోయడమంటే ఆ వీధిలో అన్నం పారబోయడం కంటే ఎక్కువ. ఎదురింటి సుబ్బరత్నమ్మను కేకేసింది. "అత్తా, రెండు బిందెలు తెచ్చుకో. గుడ్డలుతకడానికి పనికొస్తాయి." మంచితనంతో అన్న ఆ ఒక్క మాటతోనే అసలు కష్టం మొదలైంది.

సుబ్బరత్నమ్మ బిందెలు తెచ్చింది. ఆమె వెనకే ఆమె ఆడపడుచు తెచ్చింది. ఆ తర్వాత ఎవరు ఎవరికి చెప్పారో గాని, ఆకుపచ్చ బిందెలు, నీలం బిందెలు వీధి మలుపు దాటి వరుస కట్టాయి. మేకలు కూడా వచ్చాయి. తోపులాట మొదలయ్యేసరికి నాగజ్యోతి వీధిలోకి దిగి, "ఇంటికి రెండే! పసిబిడ్డలుండేవాళ్లు ముందుకు రాండి! మేకలు ఆ పక్క!" అని వరుస సరిచేయసాగింది. ఆమె గొంతు అంత పెద్దదని హరిబాబుకు తెలుసు గాని వీధికి తెలియదు.

సుబ్బరత్నమ్మ రెండో విడత బిందె ముంచుతూ మెల్లగా అడిగింది. "హరి నిలబడతాన్నాడా ఏంది?"

"యాడ నిలబడేది అత్తా?"

"దాచుకోవద్దులే తల్లీ. ఊరికే నీళ్లు పోసేవాళ్లను ఎంతమందిని చూళ్లేదు మేము. వార్డు ఎలక్షనుకే గదా? గుర్తు పడవేనా?"

నాగజ్యోతి నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. కాదనకుండా నవ్విందంటే అవుననే అర్థమని వరుసలో వెనకదాకా పాకిపోయింది. ఎవరో కాటమరాజు కాళ్లకు మొక్కారు. ఆయన ఎందుకో తెలియకపోయినా దీవించాడు. కాసేపటికి ఈ వార్త అప్పటికే వార్డులో నెగ్గి ఉన్న పెద్దమనిషికి చేరింది. అతను ఊరుకుంటాడా? తన తరఫున కూడా ఒక ట్యాంకరు ఆ వీధికి పంపించాడు. వచ్చిన డ్రైవరు జనం ఎందులోంచి ముంచుకుంటున్నారో చూశాడు. అందులోకే పైపు వదిలాడు.

"ఆపు! ఆపు నాయనా!" అని హరిబాబు పరుగెత్తేలోపల, పొద్దుటినుంచి తోడి సగానికి తెచ్చిన పడవ మళ్లీ అంచుల దాకా నిండింది.

ట్రాక్టరు వచ్చింది. నీళ్లతో నిండిన పడవను, దాని ముందున్న వరుసను చూసి, "ఇది లాగితే నా బండి ముందు లేస్తది" అని డ్రైవరు తిరిగి వెళ్లిపోయాడు. హరిబాబు అరుగు మీద ఇంజను పక్కన ఇంజనులాగే కూలబడ్డాడు. చెరువుకు పోవాల్సిన వేళ దగ్గరపడుతోంది. ఆఫీసరు ఫోను కలవడం లేదు.

అప్పుడే కరుణాకరానికి ఫోన్ వచ్చింది. వాళ్ల అమ్మ ఎలీషబాకు ఆ రోజు బాప్తిస్మం. మోకాళ్ల నొప్పులతో ఏటిదాకా నడవలేక ఏళ్లతరబడి వాయిదా వేసుకుంటూ వచ్చింది. చివరికి రాచర్ల దగ్గర ఒక రైతు తోటలోని తొట్టిలో ఏర్పాటు చేశారు. తీరా పోయేసరికి తోటలో బోరు ఎత్తిపోయింది, తొట్టిలో బల్లి తిరుగుతోంది. కరుణాకరం ఫోను చేత్తో మూసి నాగజ్యోతివైపు చూశాడు.

"చెల్లే, నువ్వు కాదంటే అడగను. మా అమ్మ తెల్లచీర కట్టుకుని ఆటోలో కూర్చోనుంది."

నాగజ్యోతి పడవను చూసింది, వరుసను చూసింది, భర్తను చూసింది. ఆయన ఈ లోకంలో లేడు. "రమ్మను అన్నా. పెద్దమ్మ ఎక్కడానికి నా వంటింటి పీట వేస్తా," అంది.

ఆటో దిగిన ఎలీషబా పడవను ఎగాదిగా చూసింది. "ఏమ్రా కరుణా, చెరువులో పడవ ఉంటదని విన్నా గాని, పడవలో చెరువు పెట్టినావేందిరా!"

పాస్టరుగారు నీళ్లలో చెయ్యి ముంచి చూసి, సంతృప్తిగా తలూపారు. "నోవహుకు నీళ్లు ఓడ బయట ఉండె. మనకు లోపల ఉండాయి. దేవుని కార్యం ఏ పక్కనుంచైనా జరుగుతది." కాటమరాజు వెంటనే కోడలివైపు తిరిగి, "చూసినావా, నేను చెప్పలే?" అన్నాడు.

బిందెల వరుస కాస్త వెనక్కి జరిగింది గాని ఎవరూ తమ చోటు వదల్లేదు. పాట మొదలైంది. సుబ్బరత్నమ్మ కూడా తెలిసినంతమేరకు చప్పట్లు కొట్టింది. పాస్టరుగారు, కరుణాకరం చెరోపక్క పట్టుకోగా ఎలీషబా నీళ్లలో మునిగి, లేచి, కళ్లు తుడుచుకుని, "స్తోత్రం" అంది. ఆ మాటకే కాచుకున్నట్టు పడవ కిందున్న బండి వెనక టైరు ఢామ్మని పేలింది.

పడవ తొందరపడలేదు. పెళ్లిపీట మీద కూర్చునే పెద్దింటి కోడలిలా మెల్లగా, మర్యాదగా ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన పక్కనుంచి నీళ్లన్నీ ఒక్క అలగా లేచి వీధిలోకి దూకాయి. బిందెలు తేలాయి, చెప్పులు కొట్టుకుపోయాయి, మేకలు అరుగులెక్కాయి. ఆ అల సరిగ్గా, అప్పుడే జీపు దిగి సంచి సర్దుకుంటున్న ఆఫీసరు అశోక్ నడుముదాకా వెళ్లి ఆగింది.

పడవలో కూర్చుండిపోయిన ఎలీషబా పాస్టరుగారి చెయ్యి పట్టుకునే ఉంది. "నాకేం కాలేదులే. ఇంకోసారి ముంచినారేమో అనుకున్నా," అంది.

హరిబాబు చేతులు జోడించి పరుగెత్తాడు. "సార్, కారలేదు సార్! ఇది ఒలికింది!"

అశోక్ ప్యాంటు పిండుకుంటూ అడిగాడు. "ఇంజను ఉండాల్సిన చోట నీళ్లున్నాయి. నీళ్లుండాల్సిన చోట జనం ఉన్నారు. అసలేం జరుగుతోందిక్కడ?"

పొద్దుటినుంచి జరిగింది హరిబాబు చెప్పాడు. మధ్యలో కాటమరాజు, చివర్లో సుబ్బరత్నమ్మ అందించారు. అశోక్ వంగి, ఒరిగిన పడవ వెనకభాగాన్ని చాలాసేపు చూశాడు. సగం నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. వేలు పెట్టి రాశాడు. వేలు పొడిగా వచ్చింది. "పని మాత్రం బ్రహ్మాండంగా చేశారు," అని నిట్టూర్చాడు. "మీరు దీన్ని లాక్కుని బయలుదేరతారేమో, ఆపుదామనే నేరుగా వచ్చాను. మార్కాపురం నుంచి వస్తూ దారిలో చెరువు దగ్గర ఆగాను. మొన్న మనం పడవ దింపిన చోట ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. ఈ ఏడు బోట్లు లేవు హరిబాబూ. వానలు పడి చెరువు నిండితే అప్పుడు చూద్దాం."

నెలరోజులుగా పడవ కిందే పడుకున్న హరిబాబుకు చెరువువైపు పోయి చూసే తీరిక దొరకలేదు. అతను జేబులోంచి ఫోను తీసి, హైదరాబాదు నంబరు నొక్కి, చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగాడు. లైను బిజీగా ఉంది. మళ్లీ నొక్కాడు. నాగజ్యోతికి తడిసిన వీధంతా ఒక్కసారి కళ్లముందునుంచి కిటికీలా మూసుకున్నట్టనిపించింది.

అప్పుడు సుబ్బరత్నమ్మ, గెలవబోయే మనిషి దగ్గర పని చేయించుకోవాలన్న తొందరలో, హరిబాబు వీపుతో మాట్లాడసాగింది. "హరీ, వార్డు సంగతి తర్వాత. ఇన్ని నీళ్లను పొద్దుటినుంచి చుక్క కారకుండా పట్టినావే, మా సంపు చూడరాదా? ట్యాంకరు పోయించుకుంటే తెల్లారేసరికి సగం భూదేవి తాగుతాది." వెనకనుంచి ఇంకెవరో తమ మిద్దె మీద తొట్టి గురించి అన్నారు. అశోక్ కూడా బూటులోని నీళ్లు వంపుతూ, "మా ఆఫీసు ట్యాంకు కింద గోడంతా నాచుపట్టింది" అన్నాడు, ఎవరితోనూ కానట్టుగా. హరిబాబు వినలేదు. అతని చెవికి ఫోను ఉంది. నాగజ్యోతి మాత్రం అన్నీ విన్నది.

ఆ సాయంత్రం ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. కాటమరాజు రెండు ముద్దలు తిని, "ఆ హైదరాబాదులో ఇంటికి అరుగు ఉంటదా నాయనా?" అని అడిగాడు.

"అరుగు లేదు మామా. మనం పోవడమూ లేదు," అంది నాగజ్యోతి, భర్తకు పచ్చడి వడ్డిస్తూ. "హైదరాబాదులో మీ పిన్నమ్మ కొడుక్కి నేనే ఫోన్ చేసి చెప్పినా. రేపట్నుంచి మీరూ కరుణాకరమన్నా సంపులకు, తొట్లకు కారకుండా పని చేస్తారు. మొదట సుబ్బరత్నమ్మత్తది. మాటిచ్చినా."

హరిబాబు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నమిలి, మింగి, అప్పుడు అడ్డం చెప్పాడు. "సంపు బాగుచేయాలంటే ముందు ఖాళీ చేయాల. ఉండే నీళ్లు పారబోయమంటే ఈ ఊర్లో ఎవురొప్పుకుంటారు?"

"పారబోసేదెందుకు? టైరు మార్చి పడవను వాళ్లింటి ముందు పెడతాం. సంపు ఆరేదాకా నీళ్లు అందులో ఉంటాయి. సగానికి మించి పోయనీయను."

కాటమరాజు కోడలివైపు మెచ్చుకోలుగా చూసి మజ్జిగ పోసుకున్నాడు. హరిబాబుకు మాత్రం మనసులో ఎక్కడో గుచ్చుకుంది. ఆలోచన బాగుందని తెలుస్తూనే ఉంది. అది తనది కాదనేదే బాధ.

"ఇంత పెద్ద విషయం, నన్నొక మాట అడగొద్దా? నేనూ ఆలోచించేవాణ్ని గదా."

"పోయినసారి మీరు ఆలోచించింది ఇంకా వీధిలోనే ఒరిగి ఉంది," అంది నాగజ్యోతి.